చిన్న ఉప్పునీటి తొట్టిలో ఏ పీత ఇముడుతుంది?

హైదరాబాద్ దుకాణంలో గాజు తొట్టికి అంటించిన చీటీ మీద ‘రీఫ్ సేఫ్’ అని ఉంటుంది. అంటే పగడాల తొట్టిలో నిశ్చింతగా వదలవచ్చని భరోసా. అదే పీత గురించి ఫోనులో వెతికితే, తన నత్తలన్నిటినీ తినేసిందని ఒకరు, ఏళ్లుగా ఏ గొడవా లేదని మరొకరు చెబుతారు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంట్లో రెండడుగుల ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవారికి ఎవరిని నమ్మాలో తెలియదు. అడుగుదామంటే పక్క వీధిలో ఇలాంటి తొట్టి ఉండదు. మనకు తెలిసిన పీత వరిమడి గట్టు తొలిచే ఎండ్రకాయ, అది మంచినీటి జీవి. దాని అనుభవం ఇక్కడ పనికిరాదు.

పై ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే జాతి పీత ఒక తొట్టిలో సాధువుగా, ఇంకో తొట్టిలో దొంగగా ఉండగలదు. దాని పటకారు కాళ్లు ఏ పనికి తయారయ్యాయి, ఎంత పెరుగుతుంది, కడుపు నిండుతోందా, చుట్టూ ఎంత చోటుంది అన్న నాలుగు విషయాలు కలిసి తేల్చే సంగతి ఇది. చీటీ మీద వీటిలో ఒక్కటీ రాయరు.

తొట్టిలో నిజంగా ఎంత నీరుంది?

పీతల పేర్లలోకి వెళ్లే ముందు తొట్టిని కొలవాలి. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై వెడల్పు, ముప్ఫై ఎత్తు ఉన్న తొట్టి లెక్క ప్రకారం 54 లీటర్లది. పైన మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలితే 48 లీటర్ల చిల్లర. అడుగున ఇసుక, మధ్యలో రాళ్లు పోగా మిగిలే నీరు దాదాపు 40 లీటర్లు, రెండు బిందెల నీటికి కాస్త ఎక్కువ. అమ్మేవారు 54 అంటారు, పీత బతికేది మాత్రం ఈ నలభైలోనే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నలభై లీటర్లకు 1400 గ్రాములు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పగడాల తొట్టికి కావలసింది 24 నుంచి 27 డిగ్రీలు. నీటిని చల్లబరిచే యంత్రం ఖరీదు కాబట్టి చాలామంది నీటి మీదికి ఫ్యాను తిప్పుతారు. మన పొడి గాలిలో అది కోస్తా ఊళ్లలో కంటే బాగా పనిచేస్తుంది. అదే ఫ్యాను నీటినీ వేగంగా తాగేస్తుంది. రోజుకు ఒక లీటరు పోతుందనుకుందాం. మూడు రోజులు పెళ్లికి వెళ్లి తిరిగొచ్చేసరికి 37 లీటర్ల నీటిలో అదే 1400 గ్రాముల ఉప్పు, అంటే లీటరుకు దాదాపు 38 గ్రాములు. చేపలు సర్దుకుంటాయేమో గాని, పీతలు, రొయ్యల వంటివి ఉప్పు శాతంలో హఠాత్తుగా వచ్చే మార్పును తట్టుకోలేవు.

తరిగిన నీటిని ఏ నీటితో నింపుతామన్నది ఇంకో చిక్కు, ఇది ప్రత్యేకంగా మన జిల్లాల చిక్కు. బోరు నీటిలో లీటరుకు 1200 మిల్లీగ్రాముల లవణాలు, 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నాయనుకుందాం. రోజుకో లీటరు చొప్పున నెలంతా పోస్తే సముద్రానికి సంబంధం లేని లవణాలు 36 గ్రాములు తొట్టిలో చేరతాయి. ఫ్లోరైడ్ 90 మిల్లీగ్రాములు చేరుతుంది, లీటరుకు మరో 2.25 మిల్లీగ్రాములు. ఇందులో ఒక విశేషం ఉంది. అసలు సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటిలో వేరే వనరు లేనప్పుడు గరిష్ఠంగా అనుమతించేది 1.5. అంటే సముద్ర జీవులకు ఫ్లోరైడ్ కొత్త కాదు, నెలనెలా పేరుకుపోవడమే కొత్త. కుళాయిలో వచ్చే కృష్ణా నీరు బోరు నీటి కంటే మెరుగే, కాకపోతే అందులో క్లోరిన్ ఉంటుంది. అందుకే ఈ పనికి ఆర్ఓ నీరే వాడతారు. సూర్యలంక నుంచి సముద్రపు నీటినే క్యాన్లలో తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా వినిపిస్తుంది. ఒడ్డు నీటిలో మట్టి ఎక్కువ, వానాకాలంలో నదులు బంగాళాఖాతంలో కలిసే చోట ఉప్పు శాతం బాగా పడిపోతుంది. ప్యాకెట్ ఉప్పు కలుపుకున్న నీటికి ఆ ఒడిదొడుకులు లేవు.

పీత అని పిలిచేవన్నీ పీతలు కావు

అంగట్లో పీత అనే పేరు కింద మూడు రకాల జీవులు కలిసిపోయాయి. పొట్టను కిందికి మడిచి, నాలుగు జతల కాళ్లతో పక్కకు నడిచేవి అసలు పీతలు. సన్యాసి పీతలు, పింగాణీ పీతలు వాటికి దాయాదులు. సన్యాసి పీతకు పొట్ట మెత్తగా ఉంటుంది కనుక చచ్చిన నత్తల గుల్లలో దూరి బతుకుతుంది. పింగాణీ పీత చూడటానికి అచ్చం పీతే, లెక్కపెడితే నడిచే కాళ్లు మూడు జతలే బయటికి కనిపిస్తాయి. ఇక గుర్రపు డెక్క ఆకారంలో ఉండే ‘హార్స్‌షూ క్రాబ్’కు పీతలతో చుట్టరికం తక్కువ, సాలీళ్లకు, తేళ్లకు దగ్గరిది. దానికి విశాలమైన ఇసుక నేల కావాలి, చిన్న తొట్టిలో తిండి దొరక్క నెమ్మదిగా చచ్చిపోతుంది. మన తూర్పు తీరంలో దొరికే ఈ జీవికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది కాబట్టి దాని సంగతి ఇంతటితో సరి.

సెలవులకు బాపట్ల వెళ్లిన పిల్లలు ఒడ్డున పరుగెత్తే ఎర్ర పీతను సీసాలో వేసుకొస్తామంటారు. అది ఇసుకలో బొరియ చేసుకుని గాలి పీల్చే జాతి, తొట్టి నీటిలో ముంచి ఉంచితే ఊపిరాడక చస్తుంది. చేపల మార్కెట్లో తాళ్లతో కట్టి అమ్మే మండపీత నీటిలో బతుకుతుంది గాని, నత్త గుల్లలను నుజ్జు చేయగల పటకార్లు దానివి. నలభై లీటర్లలో అది ఒక్కటే మిగులుతుంది.

పటకారు కాళ్లు చెప్పే కథ

పీత ఏం తింటుందో తెలుసుకోవడానికి పుస్తకం కంటే ముందు దాని ముందరి జత కాళ్లను చూడటం మేలు.

పింగాణీ పీతకు వెడల్పాటి, చదునైన పటకార్లుంటాయి. చూస్తే భయమేస్తుంది, కానీ అవి తరిమేయడానికే. తినడానికి నోటి దగ్గర వెంట్రుకలున్న రెండు జల్లెడలను విసనకర్రల్లా చాచి, నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టుకుంటుంది. ఎరుపు చుక్కల జాతులు సముద్ర ఎనిమోన్ల మీద, అంటే రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే మెత్తని జంతువుల మీద, కాపురం ఉంటాయి, అంగుళానికి మించి పెద్దగా పెరగవు. పగడం జోలికి పోని పీత ఒక్కటి చెప్పమంటే నా ఓటు దీనికే. దానికీ ఒక షరతుంది. కొత్తగా పెట్టిన, మరీ శుభ్రంగా ఉన్న తొట్టిలో నీటిలో తేలే తిండి ఉండదు. జబ్బు లేదు, దెబ్బ లేదు, అయినా రెండు నెలల్లో చచ్చిపోయిందంటే చాలాసార్లు కారణం ఆకలే. పైగా ఎనిమోన్‌లో ముందే క్లౌన్ చేపల జంట కాపురం ఉంటే, ఆ చేపలు ఈ పీతను బయటికి నెట్టేయవచ్చు.

బాక్సర్ పీతవి ఇంకా విచిత్రమైన చేతులు. ఆ సన్నని పటకార్లతో దేన్నీ నొక్కలేదు. రెండు చేతుల్లో రెండు చిన్న ఎనిమోన్లను పట్టుకుని, శత్రువు వస్తే వాటిని ముందుకు చాపుతుంది. ఒకటి పోతే ఉన్నదాన్ని రెండుగా చీల్చి రెండు చేతులా పట్టుకుంటుందని, ఆ రెండు ముక్కలూ పూర్తి ఎనిమోన్లుగా పెరుగుతాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఇదీ అంగుళం లోపు జీవే, పగడాలకు హాని చేయదు. అయితే పగలు రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. డబ్బు పెట్టి కొని, వారాలపాటు కంటికి కనబడక చచ్చిందనుకునేవారు ఎక్కువ.

పచ్చ పీత, అంగట్లో ఎమరాల్డ్ క్రాబ్, కరీబియన్ సముద్రం నుంచి వస్తుంది. దీని పటకార్ల కొసలు చెంచాల్లా గుంటగా ఉంటాయి, రాతి మీది నాచు గీకి తినడానికి. ముఖ్యంగా బుడగ నాచును తింటుందని పేరు. ఆకుపచ్చ గాజు పూసల్లా ఉండే ఆ నాచులో ఒక్కో బుడగ ఒక్కటే కణం. తొట్టిలో ఒకసారి వస్తే చేత్తో తీయడం కష్టం. పచ్చ పీత వచ్చి దాన్ని మాయం చేసిందన్న మాటలు నిజమే, పట్టించుకోనే లేదన్నవీ నిజమే. నాచు అయిపోయాక ఏం తింటుందన్నదే అసలు ప్రశ్న. ఆకలి రుచెరగదంటారు, పీత విషయంలో అది అక్షరాలా నిజం. మెత్తని పగడాల అంచులు, రాత్రి నిద్రపోయే చిన్న చేప, బలహీనపడ్డ నత్త, ఏదైనా దానికి తిండే. ఎదిగిన మగ పీతల పటకార్లు పెద్దవి కనుక ఫిర్యాదులు వాటి మీదే ఎక్కువగా వినిపిస్తాయి.

సాలీడులా పొడవాటి కాళ్లుండే బాణం పీతను ముళ్ల పురుగులను తింటుందని కొంటారు. తింటుంది. ఆ సన్నని పటకార్లకు చిన్న రొయ్యలు, అడుగున తిరిగే చిన్న చేపలు కూడా అందుతాయి, తన జాతి జీవినే మరొకదాన్ని సహించదు. బల్లపరుపుగా, మెరుపులా పరుగెత్తే శాలీ లైట్‌ఫుట్ చిన్నప్పుడు నాచు తింటుంది, పెద్దయ్యాక చేపల వెంట పడుతుంది. కాళ్లు చాస్తే అరచేయంత అవుతుంది. ఇవి రెండూ పెద్ద తొట్లకు సరిపోతాయేమో, నలభై లీటర్లకు కాదు. వీపు మీద నాచు, స్పాంజి ముక్కలు అతికించుకునే అలంకరణ పీత మీ పగడాలనే తుంచి నగలు చేసుకుంటుంది కాబట్టి దానికీ చోటు లేదు.

ఇక కొనకుండానే వచ్చేవి. రాళ్ల సందుల్లో దాగి ఇల్లు చేరే పీతల్లో ఒళ్లంతా వెంట్రుకలు, పటకార్ల కొసలు నల్లగా ఉన్నవి ఎక్కువగా వేటాడే రకం. మెరిసే నున్నటి వీపుతో కొమ్మల పగడం మధ్యలో కూర్చునే ట్రపీజియా జాతి పీతలు అలాంటివి కావు. అవి పగడం స్రవించే జిగురు తింటూ, దాన్ని తినవచ్చే నక్షత్ర చేపలతో పోరాడతాయి. అనుమానంతో వాటిని తీసి పారేస్తే పగడానికి కాపలా పోయినట్టే.

సన్యాసి పీతలు: అసలు తగాదా ఇక్కడే

చిన్న తొట్టెల్లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇవే. ‘శుభ్రం చేసే దళం’ పేరుతో డజన్ల లెక్కన ఇస్తారు. ఇక్కడా చేతులు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. నీలి కాళ్ల చిన్న సన్యాసి పీతకు, ఎర్ర కాళ్ల స్కార్లెట్ జాతికి రెండు పటకార్లు దాదాపు సమానం, ఏరుకుని తినడానికి అనువైనవి. కాల్సినస్ వర్గం వాటికి ఎడమ పటకారు పెద్దది, గుల్లలోకి ముడుచుకున్నాక తలుపులా అడ్డం పెట్టుకుంటాయి, అవసరమైతే బలంగా నొక్కుతాయి. డార్డనస్ వర్గానికీ ఎడమదే పెద్దది, వాటిలో ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న జాతి అరచేయి దాటి పెరిగే వేటగాడు. పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది, అందుకే పొరపాటున ఇంటికి వస్తుంది.

ఎన్ని పెట్టాలన్న దగ్గర రెండు వాదనలున్నాయి. నాలుగు లీటర్లకు ఒకటి చొప్పున పెట్టాలన్నది పాత సూత్రం. మన నలభై లీటర్లకు పది. వారి వాదనలో పస లేకపోలేదు. కొత్త తొట్టిలో మొదటి నెలల్లో గోధుమరంగు పాచి, తర్వాత పచ్చ నాచు విరగబడి వస్తాయి, పది జతల చేతులు వాటిని అదుపులో ఉంచుతాయి. చేపలు వదిలేసిన తిండి కుళ్లకముందే తినేస్తాయి.

అసలు సన్యాసి పీతలే వద్దు, నత్తలు చాలు అంటారు రెండో పక్షం వారు. నాచు గీకడంలో నత్త మెరుగైన పనిమంతురాలని, పీత ఆ నత్తనే చంపి దాని గుల్లలో కాపురం పెడుతుందని వారి మాట. అది కట్టుకథ కాదు. పెరిగే కొద్దీ పీతకు పెద్ద గుల్ల కావాలి. ఖాళీ గుల్ల దొరక్కపోతే మనిషి ఉన్న ఇల్లే ఖాళీ చేయిస్తుంది. గుల్లల కోసం తమలో తాము కొట్టుకోవడం కూడా మామూలే.

లెక్క వేస్తే రెండు వాదనలూ వేర్వేరు నెలల గురించి మాట్లాడుతున్నాయని తేలుతుంది. పది పీతలకు సరిపడా నాచు మొదటి రెండు మూడు నెలలు ఉంటుంది. అది తరిగాక ఆ తొట్టి మూడింటినో నాలుగింటినో పోషించగలదు. మిగిలినవి ఆకలితో చస్తాయి, లేదా చంపుతాయి. కాబట్టి మూడు నాలుగుతో మొదలైన తొట్టిలో మొదట్లో నాచు కాస్త ఎక్కువగా కనిపించినా, ఆరో నెలలో గొడవ తక్కువగా ఉంటుంది. ఒక్కో పీతకు రెండు మూడు ఖాళీ గుల్లలు, ఇప్పుడున్నదాని కంటే కొంచెం పెద్దవి, తొట్టిలో పడి ఉంటే నత్తల ప్రాణాలకు ముప్పు తగ్గుతుంది. పూర్తిగా పోదు. రంగులు వేసిన అలంకరణ గుల్లలు ఇందుకు పనికిరావు, ఆ రంగు నీటిలో కలుస్తుంది.

మేత వేయాలా వద్దా అన్నది దీనికి తోడుగా వచ్చే వివాదం. మేత వేస్తే నాచు తినడం మానేస్తాయని కొందరు వేయరు. వారానికి రెండుసార్లు చిన్న రొయ్య ముక్కో, నోరి అనే ఎండు సముద్రపు నాచు రేకో వేస్తే పగడాల జోలికి పోవని మరికొందరు. చిన్న తొట్టి విషయంలో నాకు రెండో మాటే సబబనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆకలిగొన్న పీతకు, పగడానికి మధ్య దూరం నాలుగు అంగుళాలే.

చచ్చిందా, పెంకు విడిచిందా?

తొట్టి అడుగున కదలకుండా పడున్న పీతను చూసి తీసి పారేయడం తరచూ జరిగే పని. పీతలు పెరగాలంటే పాత పెంకు వదిలేయాలి. విడిచిన పెంకుకు కాళ్లు, పటకార్లు, కళ్ల మీది పొర అన్నీ ఉంటాయి, అచ్చం పీతలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే డొల్లగా తేలికగా ఉండి వాసన రాకపోతే అది పెంకు. చచ్చిన పీత కంపు గదంతా తెలుస్తుంది. అసలు పీత ఆ సమయంలో ఏదో సందులో మెత్తని ఒంటితో దాక్కుని ఉంటుంది, కొత్త పెంకు గట్టిపడే వరకు దానికి రక్షణ లేదు. పది పీతలున్న చిన్న తొట్టిలో చావులు ఎక్కువగా ఈ దశలోనే. తెగిన కాలు కూడా ఒకటి రెండుసార్లు పెంకు విడిచాక తిరిగి మొలుస్తుంది.

పెంకుకు కాల్షియం కావాలి. పగడాలకూ అదే కావాలి కాబట్టి లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉండేలా చూసుకునే తొట్టిలో పీతకు వేరే ఏర్పాటు అక్కర్లేదు. అయోడిన్ చుక్కలు వేస్తే పెంకు సులువుగా విడుస్తుందని కొందరు నమ్ముతారు, నీరు క్రమం తప్పక మారిస్తే ఉప్పులో ఉన్నదే సరిపోతుందని ఇంకొందరి మాట. రాగి విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే రాగి మందు చేపను బతికించే మోతాదులోనే పీతలను, నత్తలను, పగడాలను చంపుతుంది. పీత రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగే అయినా, నీటిలో కలిసిన రాగి దానికి విషం.

ఒక తొట్టి, మూడు జాబితాలు

నల్లగొండలో 40 లీటర్ల నీరున్న తొట్టిని ఊహిద్దాం. రెండు క్లౌన్ చేపలు, పుట్టగొడుగు పగడాలు, పగడాలకు దగ్గరి చుట్టాలైన కొన్ని జోవాంథిడ్లు, నాలుగు నత్తలు. తొట్టి వయసు ఆరు నెలలు.

మొదటి జాబితాలో ఎనిమిది నీలి కాళ్ల సన్యాసులు, ఒక పచ్చ పీత, ఒక బాణం పీత. అంగట్లో అన్నిటికీ ‘రీఫ్ సేఫ్’ చీటీయే. ఆరు నెలల తొట్టిలో నాచు తగ్గిపోయి ఉంటుంది. మొదట పోయేవి నత్తలు, తర్వాత పచ్చ పీత జోవాంథిడ్లను రుచి చూస్తుంది, బాణం పీత ఆ రాత్రి పెంకు విడిచిన సన్యాసిని పట్టుకుంటుంది. రెండో జాబితాలో మూడు స్కార్లెట్ సన్యాసులు, పది ఖాళీ గుల్లలు, ఒక బాక్సర్ పీత. నాచు కంటే మేత మీద ఎక్కువగా బతుకుతాయి, నష్టం జరిగితే ఒకటి రెండు నత్తలకే. మూడోది ఒక పింగాణీ పీత, అంతే. సన్నటి మేతను వారానికి మూడు నాలుగుసార్లు నీటిలో వదలగలిగితే అది నిలుస్తుంది, కాకపోతే ఆ మేత నీటిని పాడు చేయకుండా వారం వారం నాలుగైదు లీటర్లు మార్చాలి. ఎంచుకోవలసి వస్తే నేను రెండోదాన్ని ఎంచుకుంటాను. బుడగ నాచు నిజంగా వేధిస్తున్న తొట్టిలో ఒక్క చిన్న పచ్చ పీతను, తిరిగి తీసుకుంటానన్న దుకాణం నుంచి తేవడం నాలుగో దారి.

పీతతో పాటు రాయి, పగడం కొనేటప్పుడు చట్టం కూడా లెక్కలోకి వస్తుంది. దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడం, విసనకర్రల్లా పెరిగే సముద్ర ఫ్యాన్లు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన తీరంలో కోసి తెచ్చిన పగడపు రాయిని అమ్మడమూ కొనడమూ నేరమే. కృత్రిమంగా చేసిన రాళ్లతో మొదలుపెడితే ఆ భయం ఉండదు, దొంగతనంగా వచ్చే వెంట్రుకల పీతల బెడద కూడా తప్పుతుంది.

తొట్టికి మించి పెరిగిన పీతను దుకాణం వెనక్కి తీసుకోకపోతే సాగర్ కాలువలోనో జూరాల నీటిలోనో వదిలేద్దామనిపిస్తుంది. సముద్రపు పీత ఒంట్లోని ఉప్పును మంచినీటిలో నిలుపుకోలేదు, ఎక్కువసేపు బతకదు. అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అదే తొట్టిలో వేలాడదీసి, మేత వేస్తూ వేరుగా ఉంచితే, పెద్ద తొట్టి ఉన్నవారు దొరికే దాకా పగడాలూ బతుకుతాయి, అదీ బతుకుతుంది.